బర్డ్ ఆసుపత్రి, పోలియో కాళ్ళు

నడవలేనివారి కోసం తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో తిరుపతిలో నెలకొల్పిన ఆసుపత్రికి కాగితాల మీద చాలా పొడవాటి పేరుంది. జనం నోట మాత్రం అది ‘బర్డ్’. శస్త్రచికిత్స, కట్టు, కాలిపర్ అన్నీ అక్కడ ఉచితం కావడంతో రాయలసీమ పల్లెల నుంచి పోలియో పిల్లలను చంకన వేసుకుని తల్లిదండ్రులు కొండ కిందికి వచ్చేవారు. మొక్కు, వైద్యం ఒకే ప్రయాణంలో తీరేవి.

పోలియో వైరస్ మలం ద్వారా, కలుషితమైన నీటి ద్వారా కడుపులోకి చేరుతుంది. అది సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావారికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది, లేదా వచ్చినట్టే తెలియదు. ‘జ్వరానికి సూది వేయించాం, తెల్లారేసరికి కాలు పడిపోయింది’ అని ఎందరో తల్లులు చెప్పారు. దాన్ని అమాయకత్వమని కొట్టిపారేసిన చదువుకున్నవారే పొరబడ్డారు. వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండకు సూది పొడిస్తే ఆ అవయవానికి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రం తేల్చింది. ప్రతి జ్వరానికీ సూది వేసే అలవాటు మన పల్లెల్లో ఎన్ని కాళ్ళను బలితీసుకుందో లెక్క లేదు.

తొడ ముందరి కండరం చచ్చుబడితే మోకాలు నిలవదు. అందుకే ఆ పిల్లలు తొడ మీద అరచెయ్యి ఆనించి, మోకాలిని వెనక్కి నొక్కుకుంటూ నడిచేవారు. వైద్యం చేయించక వదిలేస్తే తుంటి, మోకాలు వంకరగానే బిగుసుకుపోయి, పాకడమే దిక్కయ్యేది. శస్త్రవైద్యులు ముందు ఆ బిగువును కోసి వదులు చేస్తారు, పిండికట్టు వేసి కాలు సాగదీస్తారు, వీలైతే బలమున్న కండర స్నాయువును బలం లేనిచోటికి మారుస్తారు. ఆ తర్వాతి వంతు కాలిపర్‌ది: రెండు పక్కలా లోహపు కడ్డీలు, తోలు పట్టీలు, కింద బూటు, మోకాలి దగ్గర తాళం. నిలబడితే తాళం బిగుస్తుంది, కూర్చోవాలంటే చేత్తో ఎత్తాలి. కడ్డీ వేలెడు అటూ ఇటూ అయితే తొడ ఒరుసుకుపోతుంది. పిల్లవాడు పెరిగేకొద్దీ కొలత మారుతుంది. కాలిని చూసి, తడిమి, కడ్డీ వంచే పనివాళ్ళ చేతి నేర్పు మీదే అదంతా నడిచింది.

ఇక పోలియో నివారణకు దారి చూపిన ఊళ్ళలో ఒకటి చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు. మూడు మోతాదుల చుక్కల టీకా మన దేశపు పిల్లలకు చాలదని అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ టి.జాకబ్ జాన్ గమనించారు. పిల్లలందరికీ ఒకేసారి, పదేపదే చుక్కలు వేసే ‘పల్స్’ పద్ధతిని 1980ల్లో ఆ పట్టణంలో ఆచరించి చూపారు. ప్రపంచ ఆరోగ్య సభ 1988లో నిర్మూలన తీర్మానం చేసేనాటికి ప్రపంచమంతటా ఏటా సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో పక్షవాతం పాలవుతుండేవారు. మన దేశమంతటా పల్స్ పోలియో 1995లో మొదలైంది. చివరి సహజ వైరస్ కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం కూడా ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. సహజ వైరస్ ఇప్పటికీ వ్యాపిస్తున్నవి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లే. 2016లో హైదరాబాదు మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనబడితే, నగరంలో లక్షలాది పిల్లలకు ఈసారి సూదిమందే వేశారు.

కొత్త కేసులు లేవు గనుక పోలియో కాలికి శస్త్రచికిత్స నేర్చుకునే అవకాశం యువ వైద్యులకు ఎప్పుడో కానీ రాదు. అది సంతోషించాల్సిన సంగతే. కానీ అప్పటి పిల్లలు ఇప్పుడు నడివయసువాళ్ళు. ఏళ్ళ తరబడి రెట్టింపు బరువు మోసిన కండరాలు ఈ వయసులో మళ్ళీ నీరసిస్తాయి, మంచి కాలు కూడా నొప్పి పెడుతుంది. నివారణ సంబరాల్లో వీళ్ళ ఊసే ఉండదు. వీళ్ళకు కావలసింది కాలిపర్ మరమ్మతు, తేలికపాటి కొత్త కడ్డీలు, ఆ కొలత తెలిసిన పనివాళ్ళు.