పడకగదికి ఏ రంగు?



ఇంటికి రంగులు వేయించేటప్పుడు ముందుగది మీద ఉన్న శ్రద్ధ పడకగది మీద ఉండదు. అలసిన ఒళ్ళు వాలేది అక్కడే కదా! ఆ గదికి గంధం, మీగడ, లేత బూడిద వంటి రంగులు కళ్ళకు హాయి.

అయితే దుకాణంలో అట్ట చూసి నిర్ణయించకండి. అట్ట మీద లేతగా కనిపించినది నాలుగు గోడలకూ ఎక్కేసరికి చిక్కబడుతుంది. మా తిరువూరులో పడమటెండ పడే గదికి మీగడ రంగు వేస్తే సాయంత్రం పచ్చగా కనిపిస్తుంది. అక్కడ లేత బూడిద నయం. వెలుతురు చాలని గదిలో అదే బూడిద దిగులుగా ఉంటుంది. అక్కడ మీగడే నప్పుతుంది. చిన్న డబ్బా తెచ్చి, గోడకు మూరెడు మేర రెండు పూతలు పూసి, పొద్దున, సాయంత్రం, రాత్రి దీపం వెలుగులో చూడండి.

రంగు కుదిరాక గీకుడు పని. ఇక్కడే జాగ్రత్త కావాలి. పాత తలుపులు, కిటికీల రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది. ఆ దుమ్ము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటు, గర్భిణులకూ ప్రమాదం. అందుకని పాత రంగును తడిపి గీకించండి. పని అయ్యేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

తర్వాత చెమ్మ లేని గోడకు లప్పం, ప్రైమరు, ఆరనిచ్చి రెండు పూతలు. కొనేముందు డబ్బా మీద సీసం సంగతి ఏం రాశారో చదవండి.