ఒళ్లు చెప్పే టైము కూడా చూడండి

మొన్న మీటింగులో నేను మాట్లాడింది గ్రూపులో పెట్టమన్నారు, పెడుతున్నా.

మన ఊళ్లో రోహిణి కార్తెలో పొద్దున 5కే పనిలో దిగి, మిట్టమధ్యాహ్నం చెట్టు కింద ఒరిగేవాళ్లం. ఎండే గడియారం. ఇక్కడ డబ్లిన్‌లో డిసెంబర్‌లో 8:30 దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం 4 దాటగానే చీకటి. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురే. ఒంటికి ఏం అర్థమవుతుంది?

నా సంగతే చెప్తా. మొదటి చలికాలం, బిడ్డ బడికి పోయేలోపు మాట్లాడాలని రాత్రి 1:30 దాకా మేలుకునేవాణ్ణి. అక్కడ పొద్దున 7 కదా. ఒకరోజు తిన్నాక గ్రైండర్ చేతిలో ఉండగానే కునుకు పట్టింది. బ్లేడు గ్లౌజు కోసి ఆగింది, వేలు మిగిలింది. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. అప్పట్నుంచి మధ్యాహ్నం 12:30 బ్రేకులోనే ఫోను. చలికాలంలో అక్కడ అప్పుడు సాయంత్రం 6, బిడ్డ ఇంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు నా గ్యాంగుకి కోత పని, ఎత్తు మీద పని బాగా వెలుతురొచ్చాక పొద్దున్నే ఇస్తా. తిన్నాక 2, 3 మధ్య ఊడ్చడం, సామాను సర్దడం. కొందరికి 10 దాటితే గానీ ఒళ్లు కదలదు, అది తప్పు కాదు. మీ సూపర్‌వైజర్‌కి చెప్పండి.

టీ బ్రేకు వదులుకోకండి. 1997 చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు దాటితే 15 నిమిషాలు, 6 గంటలు దాటితే మొత్తం 30. రోజుకీ రోజుకీ మధ్య వరసగా 11 గంటల విశ్రాంతి.

జూన్‌లో నిద్ర పట్టకపోతే కిటికీకి ముదురు దుప్పటి కట్టండి. మేకులు మాత్రం కొట్టకండి, ఓనరు డిపాజిట్‌లో పట్టుకుంటాడు.