శిశుమారముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కల్వకుర్తికి సముద్రము దూరము. ఇచ్చటి రైతు మబ్బును చూచి నీటిని తలచువాడే కాని అలను చూచి తలచువాడు కాడు. ఇట్టి మెట్టనేలలో నీటిజంతువును గూర్చిన ప్రసంగమేల యని కొందఱు శంకింపవచ్చును. కాని ఆ జంతువును కనిపెట్టుచు దినములు గడపువారి పని, పట్వారీలు పొలము పొలము తిరిగి పహాణీ వ్రాసిన గ్రామములకు క్రొత్తది కాదు. అది లెక్క వ్రాయు పని.

అమరకోశము వారివర్గమున శిశుమారమను పేరు గలదు. భాగవతము పంచమస్కంధమున నక్షత్రమండలము శిశుమారాకృతిగా వర్ణింపబడినది. ఆ శబ్దమునకు కొందఱు మొసలి యనియు, కొందఱు గంగలో తిరుగు డాల్ఫిన్ అనియు అర్థము చెప్పుదురు. పేరు నిఘంటువున దొరకును. ప్రాణిని మాత్రము నీటియొద్దకు పోయి చూడవలసినదే. డాల్ఫిన్ చేపవలె కనబడును గాని చేప కాదు. అది పిల్లను కని పాలిచ్చును. ఊపిరితిత్తులతో గాలి పీల్చును. గాలికొఱకు నీటిపైకి రాక తప్పదు. ఆ రెండు మూడు క్షణములే పరిశోధకునకు ఆధారము.

ఈ విద్యకు తెలుగు తీరముతో పాత సంబంధము గలదు. 1852లో విశాఖపట్టణపు రేవున గుండ్రని తలయు, వీపున చిన్న ఱెక్కయు గల ఒక డాల్ఫిన్ దొరకెను. అప్పుడు ఉత్తర సర్కారుల కమిషనరుగా నుండిన వాల్టర్ ఇలియట్ సేకరణలతోపాటు దాని వృత్తాంతము లండను చేరెను. 1866లో రిచర్డ్ ఓవెన్ అను జంతుశాస్త్రజ్ఞుడు దానిని క్రొత్త జాతిగా ప్రకటించి, పొట్టిముక్కు గలదను అర్థమిచ్చు లాటిన్ పేరు పెట్టెను. తరువాత బర్మాలోని ఐరావతీ నదిలోను అట్టివి కనబడుటచే లోకమున ఐరావతీ డాల్ఫిన్ అను పేరు నిలిచినది. అయితే చచ్చిన జంతువు దేహలక్షణమును చెప్పునే కాని, బ్రదికియున్నవి ఎన్ని, పిల్లలు నిలుచుచున్నవా లేదా అను సంగతి చెప్పజాలదు. అందులకు వానివెంట తిరుగువారు కావలయును.

విశాఖకు ఈశాన్యమున, ఒడిశా తీరమునందలి చిలికా సరస్సులో ఈ డాల్ఫినులు నేటికిని గలవు. సుమారు వేయి చదరపు కిలోమీటర్ల ఆ యుప్పునీటి సరస్సున వాని సంఖ్య నూటయేబదికి అటునిటుగా నున్నదని ఇటీవలి గణనలు తెలుపుచున్నవి. అచ్చట పరిశోధకుని దినము తెల్లవాఱకమునుపే ఆరంభమగును. గాలి లేచినచో నీరు కదలి, చిన్న ఱెక్క అలలలో కలిసిపోవును. కావున ఉదయపు నిశ్చలతయే పనికి అనువు. ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చూతురు, ఒకరు వ్రాయుదురు. కన్నులు అలయకుండుటకై కొంతసేపటికొకసారి స్థానములు మార్చుకొందురు. కనబడిన వేళ, చోటు, నీటిలోతు, ఉప్పదనము, గాలి, పెద్దవెన్ని, పిల్లలెన్ని, మేయుచున్నవా పయనించుచున్నవా అను నిన్ని పద్దులు అక్కడికక్కడనే నింపవలయును. తలపై ఎండ, క్రింద నీటి తళుకు. సాయంకాలము ఒడ్డు చేరినను పని తీరదు.

అప్పుడు ఛాయాచిత్రములు పరిశీలింపవలయును. వీపుఱెక్క అంచున నుండు గంట్లను, మచ్చలను బట్టి ఒక్కొక్క డాల్ఫినును గుర్తింతురు. నల్లమలలో అమ్రాబాద్ అడవియందు పులిని చారలనుబట్టి గుర్తించుటయు ఇట్టిదే. ఈ గుర్తులతో మొత్తమును గట్టు ఉపాయమొకటి గలదు. మొదటిసారి నలువది జంతువులను గుర్తించితిరనుకొనుడు. రెండవసారి నలువది కనబడి, అందు ఇరువది మాత్రమే పాతవైనచో, మొదట చూచినది మందలో సగమని తెలియును, మొత్తము ఎనుబది. ఇట్టి పద్ధతితోనే దీపాని సుతారియా, హెలీన్ మార్ష్ అను శాస్త్రజ్ఞురాండ్రు చిలికా డాల్ఫినులను లెక్కకట్టి 2011లో ప్రకటించిరి.

గంగానదిలో నీరు మడ్డిగా నుండును. అచ్చటి డాల్ఫినునకు చూపు దాదాపు లేదు. తాను చేయు ధ్వని తిరిగివచ్చుటనుబట్టి అది దారి తెలిసికొనును. కావున పరిశోధకులు నీటిలో ధ్వనిగ్రాహకమును దింపి వినుచు, ఇద్దఱు వేఱువేఱుగా లెక్కించి పిమ్మట సరిచూతురు. ఎనిమిది రాష్ట్రములలో 28 నదులపై 8,500 కిలోమీటర్లకు మించి పడవలపై తిరిగి చేసిన గణన 2025 మార్చిలో వెలువడినది. అందు తేలిన నదీడాల్ఫినులు 6,327.

ఈ పనిలో జాలరి తోడ్పాటు ముఖ్యము. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరావతీ నదిని దర్శించిన జాన్ ఆండర్సన్, అచ్చటి జాలరిపల్లెలు ఒక్కొక్క డాల్ఫినును తమదిగా నెంచెడివనియు, తమ డాల్ఫిన్ తోలిన చేపలు పరుల వలలో పడినచో వాటాకై వ్యాజ్యములాడెడివారనియు వ్రాసెను. నేడు ఆ ప్రాణికి పెద్ద అపాయము వలయే. చేపలకై వేసిన వలలో చిక్కి, ఊపిరికి పైకి రాలేక అది చచ్చును. దానిని చంపవలెనని జాలరి వల వేయడు. వల లేనిదే అతని యిల్లు గడవదు. దండనకు వెఱచి అతడు చావును దాచినచో లెక్క తప్పును. కావున జాలరి యింటి అరుగుపై కూర్చుండి అతని నమ్మకమును సంపాదించుటయు పరిశోధకుని దినచర్యలోనిదే.

అన్నిటికంటె కష్టమైనది ఏమియు కనబడని దినము. పహాణీలో పంట లేని భూమికి పడావు అని వ్రాసిరే కాని గడిని ఖాళీగా విడువలేదు. అట్లే ఇన్ని గంటలు చూచితిమి, కనబడలేదు అని వ్రాయవలయును. 2006లో చైనాలోని యాంగ్‌ట్సీ నదిపై పలుదేశముల శాస్త్రజ్ఞులు రెండు పడవలలో ఆఱు వారములు, సుమారు 3,500 కిలోమీటర్లు, బైజీ అను డాల్ఫినుకొఱకు వెదకిరి. ఒక్కటియు కనబడలేదు, దాని ధ్వనియు వినబడలేదు. ఆ జాతి నశించినట్లేయని వారు ప్రకటింపవలసివచ్చెను. సున్న వ్రాయుటకై అన్ని దినములు కన్నార్పక చూచినవారి మనఃస్థితిని శ్రోతలు ఊహింపవచ్చును. చిలికాలోను, గంగలోను నేడు వ్రాయుచున్న లెక్కలు అట్టి సున్న రాకముందే హెచ్చరించుటకై వ్రాయుచున్నవి.

గ్రంథాలయమున అరువిచ్చిన పుస్తకము తిరిగిరానిచో, పద్దు ఉన్నందుననే ఆ లోటు తెలియును. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారు ఒక నోటుపుస్తకము బల్లపై నుంచి, వాన పడిన దినమును, చెరువున నీటిమట్టమును, వ్రాలిన పక్షులను గ్రామ బాలబాలికలచే వ్రాయించిన మేలు. వ్రయము స్వల్పము. ఏటేట వచ్చు కొంగలు ఒక యేడు రానిచో, రాలేదని ఆ పుస్తకమున తేదీతో వ్రాయవలయును.