మరచెంబు, చలివేంద్రం, నీళ్ల సీసా

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2024 ఫిబ్రవరిలో తడోబా అడవి అంచున, రామ్‌దేగి కొండల వద్ద, ఒక పెద్దపులి నీటి మడుగులో పడి ఉన్న ప్లాస్టిక్ సీసాను నోట కరచుకొని వెళ్లింది. ఒక వన్యప్రాణి ఛాయాగ్రాహకుడు తీసిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూచింది. పులి అడవిని శుభ్రపరుస్తున్నదని కొందరు మురిసిపోయారు. పులికి పారిశుద్ధ్యంతో పని లేదు; కొత్త వస్తువు కనబడితే నోట పట్టి చూడటం దాని స్వభావం. ఆలోచించవలసినది ఆ సీసాను గూర్చి. అది అడవిలో పుట్టినది కాదు. ఎవరో ఒకరు దాహం తీరిన తరువాత ఇక దానితో పని లేదనుకొని విడిచిపెట్టినది. 1955లో జాతీయోద్యానమై, 1995లో పులుల సంరక్షణ కేంద్రమైన తడోబా చంద్రపూర్ వాసులకు ఇంటి పెరడు వంటిది. ఆ సీసా ఎవరి చేతి నుండి జారినదో ఎవరికీ తెలియదు గనుక, అది తన చేతిది కాదని ఎవరూ ధైర్యంగా చెప్పలేరు.

చాందా తెలుగువారికి ప్రయాణం ఎన్నడో వచ్చే ముచ్చట కాదు, నిత్యకృత్యం. 1929లో బల్లార్షా–కాజీపేట రైలుమార్గం పూర్తి అయిన నాటి నుండి ఆ పట్టాలే పుట్టింటికీ మెట్టినింటికీ నడుమ వారధి అయినాయి. నదికి ఆవలి రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. బొగ్గుగనుల కొరకు, కాగితపు మిల్లు కొరకు వచ్చి స్థిరపడిన కుటుంబాలకు పెండ్లి అన్నా, కర్మ అన్నా, సంక్రాంతి అన్నా మంచిర్యాలకో, పెద్దపల్లికో, వరంగల్లుకో పోక తప్పదు. చైత్రంలో మహాకాళి జాతరకు అటువారు ఇటు వస్తారు. మేడారానికి ఇటువారు అటు పోతారు.

వెనుకటి తరంవారు ఈ ప్రయాణాలకు ఎట్లా సిద్ధపడేవారో సభలోని పెద్దలకు చెప్పనక్కరలేదు. ముందటి రాత్రే పులిహోర కలిపి, మోదుగాకులో కట్టి, పైన గుడ్డ చుట్టేవారు. ఇత్తడి మరచెంబులో నీళ్లు నింపి మూత బిగించేవారు. వేసవి అయితే మట్టి కూజా ఒకటి బెంచి క్రింద ఉండేది. ఆకు తిన్న తరువాత ఆవుకు పోయేది. చెంబు ఇంటికి తిరిగి వచ్చేది. పారవేయవలసినదంటూ ఏదీ మిగిలేది కాదు.

అంత మాత్రాన ఆ కాలమంతా బంగారమని చెప్పుట సత్యం కాదు. బ్రిటిషు పాలనలో అనేక స్టేషన్లలో హిందువుల నీరు, ముసల్మానుల నీరు అని వేరు కుండలు ఉండేవి. కొందరికి ఏ కుండ దగ్గరకూ పోయే వీలు లేదు. మరచెంబు మోసుకొనిపోవుటలో పొదుపుతో పాటు మడి కూడా ఉండేది. నీటితో వచ్చే కలరా జాతరల వెంబడే తిరిగేది. డబ్బు ఇచ్చి కొన్న సీసా ఎవరి కులమూ అడుగదు, కడుపులో రోగమూ పెట్టదు అన్న నమ్మకం సామాన్యునికి కలిగింది. అందుకే దానిని అంత త్వరగా చేరదీశాడు. ఈ సంగతి మరచి ప్రయాణికుని నిందించుట న్యాయం కాదు.

అందులోనూ చంద్రపూర్ ఎండ! వైశాఖంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట ఇక్కడ వింత కాదు; 47 కూడా చూచినవారే అందరూ. అటువంటి మధ్యాహ్నం చంటిబిడ్డను ఎత్తుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడిన తల్లికి, ఎదుటనున్న కుళాయి నీరు మంచిదో కాదో తెలియనప్పుడు, పర్యావరణ బోధ వినే ఓపిక ఎక్కడిది? సీసా కొనక ఏమి చేస్తుంది?

కొన్న సీసా ఎక్కడికి పోతున్నదన్నదే అసలు చిక్కు. పట్టణంలో ఖాళీ సీసాకు తూకం ధర ఉన్నది. చెత్త ఏరుకొనేవారు దానిని వదలరు. కాని రైలు కిటికీ నుండి విసరిన సీసాను ఏరుటకు మాకుడి, సిర్పూరు నడుమ అడవిలోనికి ఎవరు పోతారు? ఆ అడవులు తడోబా నుండి తెలంగాణలోని కవ్వాలుకు పులులు సాగిపోయే దారి. ఇక చిరుతిండి పొట్లాల మాట చెప్పనే వద్దు. పొరలు పొరలుగా అతికిన ఆ కాగితానికి పట్టణంలో కూడా కొనేవాడు లేడు.

సీసా నీరు నిర్మలమన్న నమ్మకానికి కూడా ఇటీవల బీట పడింది. 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, లీటరు సీసా నీటిలో సగటున 2,40,000 ప్లాస్టిక్ అణుకణాలను లెక్కించినట్లు ప్రకటించారు. వాటివలన దేహానికి కలిగే హాని ఎంతో ఇంకా తేలవలసి ఉన్నది. కాబట్టి భయపెట్టుట తగదు. తెలిసి ఉండుట మంచిది.

చట్టం లేక కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2018లోనే ప్లాస్టిక్ సంచులను, థర్మోకోల్ పళ్లెములను నిషేధించింది. 2022 జూలై 1 నుండి దేశమంతటా ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్లెములు, స్ట్రాలు నిషిద్ధములైనాయి. ఆ పట్టికలో నీళ్ల సీసా లేదు, చిప్సు పొట్లం లేదు. ప్రయాణికుని చేతిలో ఎక్కువగా కనబడేవి ఆ రెండే! టీ గ్లాసు కాగితపుదే కదా అనుకొంటే, దాని లోపలి పూత ప్లాస్టిక్కే. 2004లో రైల్వే మంత్రి లాలూప్రసాద్ యాదవ్ ప్రవేశపెట్టిన మట్టి ముంతలు అన్ని స్టేషన్లలోనూ నిలువలేదు. బజారులో ఆకు విస్తరి అని అమ్మేవాటిలో కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. ఈనెలతో కుట్టిన అచ్చమైన మోదుగాకు విస్తరిని, మరాఠీవారి పత్రావళిని, తిరగవేసి చూచి కొనవలసిన కాలం వచ్చింది.

నిషేధం ఎక్కడ పట్టు చిక్కించుకొన్నదో చూస్తే కొంత దారి తోస్తుంది. తిరుమల కొండపై ప్లాస్టిక్ సీసాలను నిలిపివేసినప్పుడు దేవస్థానం వారు ఊరక ఉండలేదు. జలప్రసాదం పేరిట తాగునీటి కేంద్రాలు నడిపారు. దుకాణాలలో గాజు సీసాలు పెట్టించి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినవారికి కొంత సొమ్ము వాపసు వచ్చే ఏర్పాటు చేశారు. నీలగిరి జిల్లాలో 2019లో సీసాలను నిషేధించినప్పుడు యాత్రికుల కొరకు నీటి యంత్రములను నెలకొల్పారు. రెండు చోట్లా జరిగినది ఒకటే: సీసాను ఒక చేత తీసుకొన్నవారు మరొక చేత నీరు అందించారు.

ఈ పని తెలుగువారికి కొత్తది కాదు. దానికి చలివేంద్రమని పేరు. మరాఠీలో పాణపోయి అంటారు. ఎర్రని తడిబట్ట చుట్టిన కుండలు, పొడవాటి కాడ గల గరిటె, పందిరి నీడ: రెండు భాషలవారికీ వేసవిలో ఇదే పుణ్యకార్యం. నేటి ప్రయాణికునికి అందులో రెండు మార్పులు కావాలి. ఆ నీరు వడబోసినదని నమ్మకం కలుగవలె. దోసిలికే గాక సీసాకు కూడా పోసే వీలు ఉండవలె. బస్టాండు వద్ద, మహాకాళి జాతరలో అటువంటి చలివేంద్రాన్ని నడుపుట డెబ్బది అయిదేండ్ల పాఠశాల పూర్వ విద్యార్థులకు మోయలేని భారం కాదు. జూబిలీ జ్ఞాపికలకు అయ్యే ఖర్చులో కొంత ఇటు మళ్లినా చాలును.

పాఠశాల మట్టుకు విహారయాత్రతో ఆరంభించవచ్చును. ఏబది మంది పిల్లలు రెండు రోజులు సేవాగ్రామానికి పోయి వస్తారనుకొందాం. శీతాకాలంలో రోజుకు ఒక్కొక్కరికి రెండు లీటర్లు చొప్పున 200 లీటర్ల నీరు కావాలి. లీటరు సీసాలైతే 200 ఖాళీలు మిగులుతాయి. 20 లీటర్ల క్యానులైతే పది. అవి పోసినవాని దుకాణానికే తిరిగి పోతాయి. ఖర్చు కూడా క్యానులకే తక్కువ. బస్సులో పది క్యానులకు చోటేదని డ్రైవరు గొణుగుట ఖాయం. అయిదు ఇక్కడ నింపించుకొని, అయిదు వార్ధాలో తీసుకొంటే ఆ గొణుగుడు సగమవుతుంది.

పిల్లవానికి సీసా కొనే తల్లిదండ్రులకు ఒక చిన్న మాట. బజారులో సన్నని మెడ గల స్టీలు సీసాలు అందంగా ఉంటాయి గాని, నాలుగు రోజులకే లోపల పాకుడు పట్టి వాసన కొడతాయి. అప్పుడు పిల్లవాడు దానిని మూలన పడవేసి మళ్లీ కొన్న సీసాకే చేయి చాపుతాడు. వెడల్పు మూతి గలది చూచి కొనవలె. పాత మరచెంబు మూతిలో తోముటకు చేయి పట్టేది.