చెట్టు కొట్టినవాడు దొంగా, కాడా?



పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లందు వైపున అడవి అంచుల్లో పొలమున్నవారికి, గట్టున నాలుగు టేకు చెట్లు పెంచుకొన్నవారికి ఒక భయమున్నది గదా! తెల్లవారి వెళ్ళి చూస్తే మోడు మాత్రమే మిగిలి ఉంటుందేమోనని. మరి ఆ చెట్టు కొట్టుకొనిపోయినవాడు దొంగేనా? ఇదేమి ప్రశ్న అంటారేమో. ఒకప్పుడు ఇది పెద్ద ప్రశ్నే.

ఇంగ్లండు దేశపు పాత ఆచార న్యాయములో దొంగిలించడానికి వీలైనది కదిలే సొత్తు మాత్రమే. చెట్టు నేలలో భాగము. అందుచేత నరికి వెంటనే మోసుకొనిపోయినవాడు దొంగ కాడు! నరికి, పడవేసి వెళ్ళి, తరువాత మళ్ళీ వచ్చి ఎత్తుకుపోతేనే దొంగ. చురుకైనవాడు తప్పించుకొనేవాడు, బద్ధకస్తుడు చిక్కేవాడన్నమాట. తరువాత శాసనాలు చేసి వారు దీనిని సవరించుకొన్నారు.

మన దేశములో 1860 నాటి శిక్షాస్మృతే ఈ సందు మూసివేసింది. 2024 జూలై 1 నుండి దాని స్థానములో అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షనులోనూ అదే మాట ఉన్నది. నేలను అంటి ఉన్నంతసేపు చెట్టు దొంగిలించదగిన వస్తువు కాదు. నేలనుండి తెగిన క్షణాన అవుతుంది. కాజేసే దుర్బుద్ధితో నరికితే చాలు, బండికెక్కించేదాకా ఆగనక్కరలేదు. మిరపతోటలో కాయ కోసినా ఇదే లెక్క.

ఆ దుర్బుద్ధి అన్న మాట మరువకండి. తనదేనని నిజముగా నమ్మి గట్టుచెట్టు కొట్టిన పక్కపొలం రైతు దొంగ కాడు. అది హద్దురాళ్ళు చూసి తేల్చుకోవలసిన తగవు. అందుకు ఠాణాకు పరుగెత్తితే ఊళ్ళో పగ మిగులుతుంది.

తన సొత్తును తానే దొంగిలించవచ్చునా? వచ్చునండీ! కుదువపెట్టిన కడియాలను అప్పు తీర్చకుండా, షావుకారుకు చెప్పకుండా తెచ్చుకొంటే అదీ దొంగతనమే.

ఇక అడవి మాట. ఇప్పపువ్వు, తునికాకు, తేనె, వెదురు తెచ్చుకొనే కోయ అక్కను దొంగగా చూడరాదు. తరతరాలుగా సేకరిస్తూ వచ్చిన ఇట్లాంటి చిన్నతరహా ఫలసాయముపై అడవిబిడ్డలకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము యాజమాన్యపు హక్కే ఇచ్చింది. విస్తరణాధికారులు ఈ సంగతి గూడెములలో విప్పి చెప్పవలె. టేకు దుంగకు మాత్రము ఈ హక్కు వర్తించదు.

మీ చెట్టే పోయిందనుకోండి. మోడు పెరకవద్దు. దాని చుట్టుకొలత వ్రాసి, ఫోటో తీసిపెట్టుకోండి. ఏ ఠాణాకైనా వెళ్ళవచ్చు. తమ పరిధి కాదని పంపివేయకూడదు. నేరము రుజువైతే మూడేండ్లదాకా ఖైదు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపయి, మొదటి తప్పయి, సొత్తుగాని దాని విలువగాని తిరిగి ఇచ్చివేస్తే సమాజసేవ శిక్షగా వేస్తారు. ఎఫ్.ఐ.ఆర్. నకలుకు డబ్బు కట్టనక్కరలేదు. అడిగి తీసుకొని మరీ ఇంటికి రండి.