గ్రహణ దర్శనమునకు తగిన చోటు



సూర్యగ్రహణము వచ్చుచున్నదనగానే పంచాంగము తెరచి స్పర్శకాలమును, మోక్షకాలమును చూచుకొనువారు పెక్కుమంది. దానిని ఎచ్చట నిలిచి చూడవలెనని విచారించువారు కొలదిమంది. గ్రహణమును చూడగోరువానికి కాలమెంత ముఖ్యమో స్థలమును అంతే ముఖ్యము. దీనికి నిదర్శనమును దూరదేశమున వెదకనక్కరలేదు; చెంతనున్న గుంటూరే చాలును.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ దక్కను పీఠభూమిని దాటి, వనపర్తి, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా బంగాళాఖాతమున ప్రవేశించెను. నూజివీడు సీమయు ఆనాడు ఆ నీడలోనిదే. ఆ కొలది నిమిషముల చీకటి కొరకు ఫ్రాన్సు దేశము నుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు వచ్చెను. అది వానకాలము. సముద్రతీరమున మంచును, మబ్బును భయము. కొండల చెంతను మేఘముల భయమే. కావున ఆయన రెంటికిని నడుమ మైదానమున నున్న గుంటూరును ఎన్నుకొని, అచ్చట నివసించు ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై తన పరికరములను అమర్చుకొనెను. ఇంగ్లీషువాడగు మేజర్ టెన్నెంటును గుంటూరునందే విడిసెను. మదరాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకును, ఆ శాలలోని సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికిని వెడలిరి. ఒక చోట మబ్బు క్రమ్మినను మరియొక చోట ఫలము దక్కునన్నట్లుగా ఈ ఏర్పాటు కుదిరెను. మబ్బు భయము వట్టిది కాదు. అదే దినమున కన్నడ సీమలోని జమఖండిలో నిలిచిన హెర్షెల్ అను ఉద్యోగి మేఘముల సందులలో నుండియే గ్రహణమును చూడవలసి వచ్చెను.

గుంటూరులో జాన్సెన్‌కు ఆకాశము అనుకూలించెను. కాంతిని రంగులుగా విడదీయు పరికరముతో చూడగా, సూర్యుని అంచున లేచు ఎర్రని శిఖలు వెలుగుచున్న వాయువులనియు, వానిలో ముఖ్యమైనది హైడ్రోజను అనియు తెలిసెను. ఆ వెలుగు గీతలు ఎంతో ప్రకాశముగా నుండుటచే, గ్రహణము లేకయే వానిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాడే అట్లు చూచెను. ఆ యేట సూర్యకాంతిలో గుర్తింపబడిన ఒక పసుపుపచ్చని గీత అంతవరకు భూమిపై ఎరుగని పదార్థమునకు చెందినదని పిమ్మట తేలెను. దానికి హీలియమను పేరు కలిగెను. 1895లో రామ్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని భూమిపై కనుగొనెను.

చోటును ఎన్నుకొనుటలో విచారింపదగినవి మూడు. మొదటిది నీడ దారి. దారికి వెలుపల నున్నవారికి సంపూర్ణ గ్రహణము లేదు. సూర్యునిలో నూరవ పాలు మిగిలినను పగటి చీకటి రాదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీ నాటి సంపూర్ణ గ్రహణమునకు హైదరాబాదు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపురము నక్షత్రశాల ఆ దారిలోనే యుండెను. శాస్త్రజ్ఞులు అచ్చట దానిని పరిశీలించుచుండగా, పెక్కు పట్టణములలో జనులు తలుపులు మూసికొని యింటనే యుండిరి.

రెండవది మబ్బు. మూడవది దిక్కు. ఉదయ గ్రహణమునకు తూర్పును, సాయంకాల గ్రహణమునకు పడమరయు తెరపిగా నుండవలెను. బెజవాడ వంటి నగరమున కొండలును, ఎత్తైన మేడలును సూర్యుని మరుగుపరచును. కృష్ణ ఒడ్డో, ఎత్తైన డాబాయో మేలు. ముందునాడు అదే గంటకు అచ్చట నిలిచి సూర్యుడు ఎచ్చట నున్నాడో చూచుకొనినచో సందేహము తీరును.

2031 మే 21వ తేదీన కేరళ, దక్షిణ తమిళనాడుల మీదుగా కంకణ గ్రహణము రానున్నది. కొచ్చియు, మధురయు ఆ దారిలోనివే. మే నెల చివర కేరళ తీరమున ఋతుపవనపు మబ్బులు కూడును. పడమటి కనుమలకు తూర్పున నున్న మధురలో తెరపి దొరకు అవకాశము హెచ్చు. జాన్సెన్ ఆనాడు చేసిన యోచనయే ఇచ్చటను పనికివచ్చును.

నూజివీడున ఆనాడు పాక్షిక గ్రహణమే కనబడును. మధ్యాహ్నము, సూర్యుడు నడినెత్తిన నుండు వేళ; మామిడి కోతల కాలము. అప్పుడు తోటను మించిన చోటు లేదు. చెట్టు క్రింద నేలపై పడు గుండ్రని యెండ చుక్కలన్నియు నెలవంకలగును. ఆకుల నడుమ నున్న సన్నని సందు ఒక్కొక్కటి ఒక్కొక్క సూర్యబింబమును నేలపై వ్రాయును. సూర్యుని వైపు తల యెత్తకయే, తెల్లని పంచె యొకటి పరచి, పిల్లలు, వృద్ధులు, గర్భిణులు సహితము చూడవచ్చును.

గ్రహణపు నీడ వలన ఎవరికిని కీడు లేదు. కీడు సూర్యుని సూటిగా చూచుట వలననే. కంటి లోపలి పొర కాలునపుడు నొప్పి తెలియదు. చూపు పోయిన పిదపనే తెలియును. మసి పట్టించిన గాజు, ఎక్స్‌రే ఫిలిము, పళ్లెములోని పసుపు నీరు రక్షింపజాలవు. పరీక్షింపబడిన గ్రహణపు కళ్లద్దములే వాడవలెను. పాక్షిక, కంకణ గ్రహణములలో వట్టి కంటితో చూడదగిన క్షణము ఒక్కటియు లేదు.

గ్రహణ స్నానము చేయువారు చేయుదురు, జపము చేయువారు చేయుదురు. వానికిని చూచుటకును విరోధము లేదు. ఆనాడు ఈ గ్రంథాలయము తలుపులు మూయక, కొన్ని కళ్లద్దములను తెప్పించి, వేళలను పలకపై వ్రాసి వాకిట నుంచినచో, తోటలో కాయ కోయు కూలివానికి సైతము ఆ నెలవంకలు తప్పిపోవు.