దూరం చూసే కన్ను, దగ్గర చూసే కన్ను
(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్ వరకే చదివాను. పెద్ద ఉపన్యాసాలు నాకు రావు. "కుర్రాళ్ళకి పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి సాబ్" అన్నారు కార్యదర్శి గారు. నాకు తెలిసిన పని గురి ఒక్కటే. అదే చెప్తాను.

మాది ఈ ఖరగ్‌పూరే. నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో సిగ్నల్ ఖలాసీగా చేరారు. చిన్నప్పుడు మన స్టేషన్ ప్లాట్‌ఫాం ఈ చివర నిలబడి, ఆ చివర నడిచేవాడు ఎవడో పోల్చుకోవడం మాకు ఆట. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం అది. ప్రపంచంలోకెల్లా పొడవైనదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మనల్ని దాటేశాయి, అది వేరే సంగతి. తర్వాత ఫౌజులో నా చేతికి డ్రాగునోవ్ రైఫిల్ ఇచ్చినప్పుడు చూస్తే, దాని స్కోప్ మీద మీట 1000 మీటర్ల వరకూ తిరుగుతుంది. "ఓహో, మా ప్లాట్‌ఫాం అంత దూరమన్నమాట" అనుకున్నాను.

ఆ రైఫిల్‌ని సోవియట్ సైన్యం 1963లో తీసుకుంది. దాని స్కోప్‌లో వస్తువు 4 రెట్లు పెద్దగా కనబడుతుంది. చూపు వెడల్పు 6 డిగ్రీలు. అంటే 300 మీటర్ల దగ్గర సుమారు 31 మీటర్ల వెడల్పు కనబడుతుంది, హాయిగా ఉంటుంది. అదే 10 మీటర్ల దగ్గరైతే? ఒక్క మీటరు. మనిషి ఛాతీ కనబడితే చేతులు కనబడవు. పైగా ఆ అద్దం దూరానికి సరిచేసింది కాబట్టి దగ్గరది మసకగా ఉంటుంది.

ఈ లెక్క నాకు కాగితం మీద తెలుసు. ఒంటికి తెలిసింది మాత్రం 2001 చలికాలంలో, కాశ్మీరులో. ఒక ఊరి చుట్టూ కార్డన్ వేశాం. నేను మేడ మీద కిటికీలోంచి ఎదురు కొండవాలు కాస్తున్నాను. చీకటి పడే వేళ కింద పెరట్లో తలుపు చప్పుడైంది. పన్నెండు అడుగులు వేస్తే చేరేంత దూరం. రైఫిల్ అటు తిప్పాను. స్కోప్ నిండా గోధుమరంగు గుడ్డ తప్ప ఇంకేమీ లేదు. ఆ గుడ్డ కింద పొట్ట దగ్గర ఏదో ఎత్తుగా ఉంది. సేఫ్టీ తీసి ఉంది, వేలు ట్రిగ్గర్ మీద ఉంది. అప్పుడు ఎందుకో తల పైకెత్తి వట్టి కళ్ళతో చూశాను. పదేళ్ళ పిల్లాడు. ఫెరన్ లోపల కాంగ్డీ పెట్టుకుని చలికి వణుకుతున్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. తప్పు రైఫిల్‌ది కాదు, నాది. డ్రాగునోవ్ స్కోప్‌ని ఎడమ పక్క పట్టా మీద, కింద సందు వదిలి బిగిస్తారు. ఆ సందులోంచి మామూలు బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ చక్కగా కనబడతాయి. కన్ను కాస్త దించితే చాలు. అంటే దగ్గర చూసే కన్ను ఆ రైఫిల్‌తోనే పుట్టింది. నేను రోజూ స్కోప్‌తోనే సాధన చేసి దాన్ని మర్చిపోయాను. చెంప ఆనించే దిండు కూడా స్కోప్ ఎత్తుకే పెట్టి ఉంటుంది. దాన్ని తీసి కింది సైటుతో కాల్చడం నేనెప్పుడూ సాధన చెయ్యలేదు.

ఇప్పటి కుర్రాళ్ళకి ఇంకా మంచి సాధనాలున్నాయి. 1975లో స్వీడన్ వాళ్ళు బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్క సైటు తెచ్చారు. అందులో వస్తువు పెద్దది కాదు. రెండు కళ్ళూ తెరిచే చూడొచ్చు, కాబట్టి చుట్టుపక్కల అంతా కనబడుతుంది. మన సైన్యానికి 2019లో ఒప్పందం చేసుకున్న 72,400 సిగ్ 716 రైఫిళ్ళలాంటి వాటి మీద పొడుగు పట్టా ఉంటుంది, సైట్లు బిగించుకునే వీలుంది. స్కోప్‌కి తోడు చిన్న చుక్క సైటుని రెండు చోట్ల పెడతారు.

ఒకటి, స్కోప్ నెత్తిమీద. తల కాస్త ఎత్తితే చాలు, కుడిచేతివాడికైనా ఎడమచేతివాడికైనా ఒకటే. కానీ చెంప ఆనదు. బ్యారెల్ కంటే బాగా ఎత్తు కాబట్టి, ఐదారు మీటర్లలో గుండు చుక్క చూపిన చోట కాక, దాదాపు ఆ ఎత్తు మేర కిందికి తగుల్తుంది. రెండు, పక్కకి 45 డిగ్రీల వాలులో. రైఫిల్‌ని భుజం మీదే కొంచెం తిప్పితే సైటు కంటికొస్తుంది. చెంప కదలదు, ఎత్తూ తక్కువే. కానీ కుడిచేతివాడికి పెట్టింది ఎడమచేతివాడికి ఇబ్బంది, కొమ్మలకీ బట్టలకీ తగులుకుంటుంది కూడా.

ఏది మంచిదంటారా? మీరు సాధన చేసిందే మంచిది. నేను ఉస్తాద్‌ని అయ్యాక నా దగ్గరికొచ్చిన వాళ్ళతో 300 మీటర్ల కాల్పుల వెంటనే 25 మీటర్లకి కాల్పించేవాణ్ణి. నాలుగు మాటలు చెప్పేవాణ్ణి, ఈ రోజూ అవే చెప్తాను. రెండు సైట్లుంటే రెండిటినీ విడివిడిగా జీరో చెయ్యండి. బ్యాటరీని నమ్మకండి, చలికి అది త్వరగా నీరసపడుతుంది. హుకుం లేకుండా, ఆర్మరర్ చెయ్యి పడకుండా సొంతంగా ఏదీ బిగించకండి. అన్నిటికంటే ముందు, చేతులు కనబడేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోనివ్వకండి.

సెలవులో ఇంటికొచ్చి ఈ సంగతి నాన్నగారితో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మా రంగుదీపాల సిగ్నల్ అద్దం చూశావా? పెద్ద అద్దం వెలుతురుని తిన్నగా దూరానికి పంపుతుంది, అది దూరం నుంచొచ్చే డ్రైవరుకి. మరి బండి సరిగ్గా సిగ్నల్ కిందే ఆగితే? వాడికా వెలుతురు అందదు. అందుకే అద్దంలో ఒక చిన్న ముక్క వెలుతురుని కిందికి వంచేలా ఉంటుంది. దూరానిదీ దగ్గరదీ ఒక్క అద్దంతో అవదురా అబ్బాయ్" అన్నారు. నేను ఫౌజులో పదమూడేళ్ళకి నేర్చుకున్నది ఆయన యార్డులో ఎప్పుడో నేర్చుకున్నారు.

ఆ కాశ్మీరు పిల్లాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. పెళ్ళయి పిల్లలుంటారు. నేను వాడికి తెలీదు, తెలియక్కర్లేదు. వాడు తలుపు తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు, నాకది చాలు.